వయసు మళ్లుతున్న వారియర్స్: కావలి తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరో తరగతిలో ఉండగా 2015 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ చూసి గోల్డెన్ స్టేట్ వారియర్స్ అభిమానివి అయ్యానని రాశావు. ఇప్పుడు ఇంజనీరింగ్ చివరి ఏడాది. కావలి నుంచి నెల్లూరు వచ్చే బస్సులో ఫోన్‌లో మ్యాచ్ చూస్తుంటే, జట్టు ఓడిన ప్రతిసారీ కాలేజీలో ఆ రోజంతా మనసు బాగుండటం లేదన్నావు. అడిగినవి మూడు. స్టెఫెన్ కర్రీని ఇప్పుడే ఇంకో జట్టుకి ఇచ్చేసి మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలా? కుర్రాళ్లని ఎదగనివ్వకుండా చేసింది కోచ్ స్టీవ్ కెర్ కాదా? కర్రీ వెళ్లిపోయాక ఎన్నేళ్లు చీకటి?

నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ ఆటతోనే ఉన్నాను. కాలేజీకి, యూనివర్సిటీకి ఆడాను. తర్వాత నెల్లూరులో ఒక ఉద్యోగుల జట్టుకి చాలాకాలం పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి తీసుకెళ్లి ఆట నడిపేవాడిగా ఆడాను. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకి నేర్పిస్తున్నాను. ఎన్‌బీఏ ఎక్కడో జరిగే వ్యవహారమే అయినా, ఒక జట్టు ఎలా ముసలిదవుతుందో నేను దగ్గర నుంచి చూశాను. కొంత నా చేతుల మీదుగానే జరిగింది. అది కూడా చెప్తాను.

నీ భయం అనవసరమైంది కాదు. కాకపోతే నువ్వు కర్రీ వయసు చూసి భయపడుతున్నావు. నాకు భయం వేసేది అతని పక్కన ఎవరున్నారో చూసినప్పుడు. కర్రీ 1988లో పుట్టాడు, జిమ్మీ బట్లర్ 1989లో, డ్రేమండ్ గ్రీన్ 1990లో. వీళ్ల తర్వాత చూస్తే ఇరవైల మొదట్లో ఉన్న కుర్రాళ్లు. మధ్యలో, 25 నుంచి 30 ఏళ్ల వయసులో, ఒక ప్లేఆఫ్ సిరీస్‌ని భుజాన వేసుకోగలిగే మనిషి లేడు. ఇంట్లో తాతయ్య ఉన్నాడు, మనవళ్లు ఉన్నారు, సంసారం నడిపే నడిమి తరం లేదు.

2022 టైటిల్ గుర్తుచేసుకో. మనకి జూన్ 17 ఉదయం, ఆరున్నరకి మొదలైన ఆరో గేమ్‌లో బోస్టన్‌ని వాళ్ల ఊళ్లోనే ఓడించి కప్పు తీసుకున్నారు. సిరీస్‌లో కర్రీ సగటు 31.2 పాయింట్లు. నాలుగో గేమ్‌లో 43 కొట్టి బోస్టన్ జనాన్ని నోరెత్తనివ్వలేదు. అందరికీ అదే గుర్తుంది. కానీ ఆ సిరీస్‌లో బోస్టన్ స్టార్ జేసన్ టేటమ్ వెంట పడి కాపలా కాసిందెవరు? ఆండ్రూ విగ్గిన్స్, అప్పటికి 27 ఏళ్లు. రిబౌండ్ల (రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతుల) కోసం కొట్లాడిందెవరు? విగ్గిన్స్‌తో పాటు కెవాన్ లూనీ, 26. కర్రీ కూర్చున్న నిమిషాల్లో స్కోరు ఆగకుండా చూసింది జోర్డన్ పూల్, 23 నిండటానికి వారం లేదు. ఆ కప్పు పెద్దవాళ్ల తెలివికీ నడిమి తరం కాళ్లకీ కలిపి వచ్చింది.

తర్వాత ఏం జరిగిందో వరసగా పెట్టుకుని చూడు. 2022 అక్టోబర్‌లో ప్రాక్టీసులో డ్రేమండ్ పూల్‌ని కొట్టాడు. 2023 వేసవిలో పూల్ వాషింగ్టన్ వెళ్లాడు, బదులుగా వచ్చిన క్రిస్ పాల్‌కి 38 ఏళ్లు. 2024లో క్లే థాంప్సన్ డాలస్ వెళ్లిపోయాడు. 2025 ఫిబ్రవరిలో విగ్గిన్స్‌ని మయామీకి ఇచ్చి, అతనికంటే అయిదేళ్లు పెద్దవాడైన బట్లర్‌ని తెచ్చారు. ఆ వేసవిలోనే లూనీ కూడా వెళ్లిపోయాడు. మూడేళ్లలో నడిమి తరం మొత్తం ఖాళీ. ఒక్కో నిర్ణయానికి విడిగా ఒక కారణం ఉంది. బట్లర్ వచ్చాక సగం గెలుపులు సగం ఓటములతో నడుస్తున్న జట్టు 48-34తో ముగించింది, మొదటి రౌండ్‌లో హ్యూస్టన్‌ని ఏడు గేముల్లో ఓడించింది. ఆ ట్రేడ్ తప్పని నేను అనను. కానీ మిన్నెసోటాతో మొదటి గేమ్‌లో కర్రీకి తొడ వెనక కండరం పట్టేసింది. ఆ గేమ్ ఎలాగో గెలిచారు, తర్వాత వరసగా నాలుగు ఓడిపోయారు. ఒక్క కండరం పట్టేస్తే సీజన్ అయిపోయింది. వయసు మళ్లిన జట్టు బలహీనత అదే. అలాంటి జట్టు బాగా ఆడలేక ఓడిపోదు. ఒక దెబ్బ తగిలితే దాన్ని మోయడానికి మనిషి ఉండడు.

మరి ఆ మనుషుల్ని ఎందుకు ఉంచుకోలేకపోయారు? చాలామంది మేనేజ్‌మెంట్‌కి తెలివి లేదంటారు. జీతాల లెక్క చూస్తే సంగతి అర్థమవుతుంది. ఎన్‌బీఏలో ఒక ఆటగాడికి ఇవ్వగలిగిన గరిష్ఠ జీతం అతని అనుభవాన్ని బట్టి పెరుగుతుంది. మొదటి ఆరేళ్లలోపు వాడికి మామూలుగా శాలరీ క్యాప్‌లో (జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన పరిమితి) 25 శాతం, తర్వాత 30, పదేళ్లు దాటాక 35 శాతం నుంచి కాంట్రాక్ట్ మొదలవుతుంది, ఆపైన ఏటా పెరుగుతుంది. అంటే కాళ్లలో సత్తువ తగ్గే వయసులో జీతం అన్నిటికంటే ఎక్కువ. 2025-26లో క్యాప్ సుమారు 15.46 కోట్ల డాలర్లు. కర్రీ, బట్లర్, డ్రేమండ్ ముగ్గురివే కలిపితే దాదాపు 14 కోట్లు. సొంత ఆటగాళ్లని నిలుపుకోవడానికి క్యాప్ దాటొచ్చు, కానీ 2023లో వచ్చిన కొత్త ఒప్పందం ఆ పైన ఇంకో గీత గీసింది. దాన్ని సెకండ్ ఏప్రన్ అంటారు. ఆ గీత దాటిన జట్టు ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడిని తెచ్చుకోలేదు, ట్రేడ్‌లో డబ్బు పంపలేదు, మధ్యస్థాయి ఆటగాళ్లకి ఇచ్చే మినహాయింపూ వాడుకోలేదు. పైగా ఏడేళ్ల తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్‌ని (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ వంతు; మామూలుగా ఎక్కువ ఓడిన జట్లకే ముందు వంతు) ఎవరికీ ఇవ్వకుండా బిగించేస్తారు. ఒకప్పుడు ఎక్కువ జీతాల మీద లీగ్ వేసే పన్ను కట్టి ముందుకెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు డబ్బున్నా దారి లేదు. పెద్దవాళ్లకి ఇచ్చాక మిగిలేది చాలా తక్కువ, ఆ కోత నడిమి తరం మీదే పడుతుంది.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న, కర్రీని అమ్మేయడం. నువ్వు బోస్టన్ ఉదాహరణ రాశావు. మంచి ఉదాహరణే. 2013లో పాల్ పియర్స్‌కి 35, కెవిన్ గార్నెట్‌కి 37. ఇద్దరినీ బ్రూక్లిన్‌కి ఇచ్చి 2014, 2016, 2018 ఫస్ట్ రౌండ్ పిక్‌లు, 2017లో పిక్ మార్చుకునే హక్కు తీసుకున్నారు. 2016 పిక్‌తో జేలెన్ బ్రౌన్ వచ్చాడు. 2017 హక్కుతో చేతికొచ్చిన మొదటి పిక్‌ని ఫిలడెల్ఫియాకి ఇచ్చి, మూడో స్థానంలో టేటమ్‌ని తీసుకున్నారు. ఆ ఇద్దరితోనే 2024 టైటిల్.

నీ చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నవాళ్లని అడుగు, ఈ లెక్క బాగా చెప్తారు. వంద కౌంట్‌లో (కిలోకి వంద రొయ్యలు) పట్టుబడి చేస్తే ధర రాదు. ముప్పై కౌంట్ దాకా ఆగితే ధర బాగుంటుంది, కానీ రోజూ మేత ఖర్చు, ఏ రాత్రి వైట్ స్పాట్ జబ్బు వస్తుందోనని దిగులు. బోస్టన్ సరైన రోజున పట్టుబడి చేసింది. అయితే ఆ రోజు గట్టు మీద కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు. ఆ ఒక్క సీజన్‌లోనే కప్పు కావాలని తొందరపడిన బ్రూక్లిన్ యాజమాన్యం తర్వాతి అయిదేళ్లనీ పణంగా పెట్టింది. ఆ సీజన్‌లో 44 గెలిచి రెండో రౌండ్‌లో ఆగిపోయింది, 2016-17కి 20-62కి పడిపోయింది. పడిపోయిన లాభం తనకి కూడా దక్కలేదు, పిక్‌లు బోస్టన్ దగ్గరున్నాయి కదా.

ఈ రోజు కర్రీకి అలాంటి కొనుగోలుదారు దొరకడు. 2026-27లో అతని జీతం 6.26 కోట్ల డాలర్లు, కాంట్రాక్ట్ అక్కడితో అయిపోతుంది. దానికి సరిపడా జీతాలు వెనక్కి పంపగలిగి, సెకండ్ ఏప్రన్ కింద ఉండి, మంచి పిక్‌లు కూడా ఇచ్చే జట్టు నాకు కనిపించడం లేదు. వచ్చేది రెండు మూడు ఆఖరి స్థానం పిక్‌లు. వాటికోసం 2009 నుంచి ఒకే జెర్సీ వేసుకున్న మనిషిని పంపించకూడదు. నేను భావోద్వేగంతో చెప్తున్నానని అనుకోకు, లెక్క కూడా అదే చెప్తోంది.

కర్రీ ఆట గురించి కూడా ఒక మాట. వేగం మీద, ఎగురుడు మీద బతికే గార్డు ముప్పై దాటగానే దిగిపోతాడు. షూటింగ్ అలా పోదు, మణికట్టుకి వయసు ఆలస్యంగా వస్తుంది. కర్రీలో నేను గమనించేది బంతి లేనప్పుడు అతను పరిగెత్తే పరుగు. స్క్రీన్ల (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడే సొంత ఆటగాళ్ల) చుట్టూ తిరిగి తిరిగి డిఫెండర్‌ని అలసగొట్టే ఆ పరుగే మొత్తం జట్టుకి దారులు తెరుస్తుంది. షాట్లు పడకపోతే కంగారుపడకు. ఆ పరుగు తగ్గిన రోజున చెప్పు, అప్పుడు నేనూ కంగారుపడతాను.

రెండో ప్రశ్నకి నా జవాబు నీకు పూర్తిగా నచ్చకపోవచ్చు. కెర్ మీద తప్పు లేదని అనను. 2020 డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌తో జేమ్స్ వైజ్‌మన్, 2021లో ఏడో పిక్‌తో జోనథన్ కుమింగా, 14వ పిక్‌తో మోజెస్ మూడీ. పెద్దవాళ్లతో కప్పు గెలుస్తూనే కుర్రాళ్లని పెంచుతామన్నారు. వైజ్‌మన్ తర్వాతి పిక్ లామెలో బాల్. అదే డ్రాఫ్ట్‌లో 12వ స్థానంలో వెళ్లిన టైరీస్ హాలిబర్టన్ 2025లో ఇండియానాని ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు. వైజ్‌మన్‌కి మోకాలి గాయమైంది, 2023లో డెట్రాయిట్ వెళ్లాడు. ఎంపిక తప్పింది, నిజమే. కానీ అంతకంటే లోతైన ఇబ్బంది ఇంకొకటుంది.

ప్రకాశం జిల్లా పల్లెల్లో బండలాగుడు చూసే ఉంటావు. అక్కడ పళ్లు చూసి విభాగం నిర్ణయిస్తారు. రెండు పళ్లవి వేరు, నాలుగు పళ్లవి వేరు, ఆరు పళ్లవి వేరు. పందెంలో రెండు పళ్ల కోడెని, ముదురు ఎద్దుని ఒకే కాడికి కట్టరు, బండ పక్కకి తిరిగిపోతుంది. అదే రైతు పొలంలో మాత్రం కొత్త కోడెకి కాడి అలవాటు చేయాలంటే నెమ్మదైన ముదురు ఎద్దు పక్కనే కడతాడు. పందెం రోజూ, నేర్పే రోజూ వేరు. వారియర్స్ ప్రతి రాత్రీ పందెం రాత్రే అన్నట్టు ఆడారు. కుమింగా ఒక తప్పు చేయగానే బెంచ్ మీదకి. 2025 ప్లేఆఫ్స్‌లో కొన్ని గేముల్లో అసలు దించలేదు. కర్రీ పడిపోయాక మిన్నెసోటా మీద మూడో గేమ్‌లో దించితే 30 పాయింట్లు కొట్టాడు. దించితే ఆడతాడని తెలియడానికి కర్రీ గాయపడాల్సి వచ్చింది. నాకు బాధ కలిగించేది అది.

దీన్ని సరిగ్గా చేసిన జట్టు శాన్ ఆంటోనియో స్పర్స్. 2011లో మంచి గార్డ్ జార్జ్ హిల్‌ని ఇండియానాకి ఇచ్చి, 15వ పిక్‌గా వచ్చిన కవై లెనర్డ్‌ని తీసుకున్నారు. టిమ్ డంకన్, టోనీ పార్కర్, మను జినోబిలీ ఇంకా ఆడుతుండగానే ఆ కుర్రాడికి మొదటి ఏడాది నుంచి ఒక పని అప్పగించారు: ఎదుటి జట్టులో అందరికంటే ప్రమాదకరమైనవాడిని నువ్వు చూసుకో, బంతి సంగతి పెద్దవాళ్లు చూసుకుంటారు. కోచ్ గ్రెగ్ పోపోవిచ్ పెద్దవాళ్లకి సెలవులిచ్చేవాడు. 2012 నవంబర్‌లో మయామీ గేమ్‌కి ముందు ప్రధాన ఆటగాళ్లని ఇంటికి పంపేస్తే లీగ్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. అతను పద్ధతి మార్చలేదు. 2013-14లో ఆ జట్టులో ఒక్కరు కూడా సగటున 30 నిమిషాలు ఆడలేదు. ఆ సెలవు నిమిషాలన్నీ కింది తరానికే వెళ్లాయి. ఆ జూన్‌లో మయామీని 4-1తో ఓడించారు. డంకన్‌కి 38, ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) కవైకి 22.

ఇప్పుడు నా సంగతి. మా ఉద్యోగుల జట్టులో నేను 36 ఏళ్ల దాకా పాయింట్ గార్డ్‌ని. ఒక కుర్రాడు వచ్చాడు, పంతొమ్మిదేళ్లు. నాకంటే వేగం, బంతి మీద పట్టు కూడా ఉంది. తప్పులు చేసేవాడు. దగ్గరగా నడిచే మ్యాచ్‌లో బంతి అతనికి ఇవ్వాలంటే నాకు భయం. కోచ్‌కి కూడా నేనే చెప్పేవాడిని, ఇంకో ఏడాది ఆగుదామని. రెండేళ్లు బెంచ్ మీద కూర్చున్నాడు. ఆ తర్వాత చెన్నైలో ఏదో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు, ఆట మానేశాడని విన్నాను. ఒంగోలులో ఒక టోర్నమెంట్ సెమీస్‌లో నా చీలమండ మడత పడింది. బంతి పట్టుకుని అవతలి వైపు తీసుకెళ్లేవాడు ఒక్కడు లేడు. ఆరు నిమిషాల్లో పద్నాలుగు పాయింట్లు పోయాయి. గట్టున ఐస్ పెట్టుకుని కూర్చుని ఆ కుర్రాడినే తలుచుకున్నాను. రెండేళ్లలో ఆ జట్టే లేకుండా పోయింది. అందుకే కెర్‌ని ఒక్కమాటలో తిట్టలేను. ఈ రాత్రి గెలవాలి అనిపించినప్పుడు తెలిసిన చేతికే బంతి ఇవ్వాలనిపిస్తుంది. ఆ నిర్ణయం ఆ రాత్రికి సరైనదే అవుతుంది. అలాంటి రాత్రులు వంద పేర్చుకున్నాక చూస్తే కింది తరం ఉండదు.

ఇంకో రకం దురదృష్టం కూడా ఉంది, అది ఎవరి చేతిలోనూ లేదు. 1986లో కప్పు గెలిచిన బోస్టన్ అప్పుడే ముందుచూపుతో డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా లెన్ బయాస్‌ని తీసుకుంది. రెండు రోజులకే అతను చనిపోయాడు. తర్వాత ఆ బాధ్యత అందుకున్న రెజీ లూయిస్ 1993లో పోయాడు. లారీ బర్డ్ తరానికీ తర్వాతి తరానికీ మధ్య కట్టిన వంతెన రెండుసార్లు కూలింది. మళ్లీ కప్పు వచ్చింది 2008లో.

మూడో ప్రశ్న, ఎన్నేళ్లు చీకటి అని. కర్రీ తర్వాత రెండు మూడు సీజన్లు బాగా ఓడిపోతారనే అనుకుంటున్నాను. కోబీ బ్రయంట్ 2013 ఏప్రిల్‌లో మడమ నరం తెగాక లేకర్స్ మూడేళ్లలో 27, 21, 17 గేములు మాత్రమే గెలిచింది. కానీ వాళ్ల దగ్గర 2015, 2016, 2017ల్లో వరసగా రెండో పిక్ ఉంది. ఆ కుర్రాళ్లలో ఇద్దరు, ఇంగ్రమ్, లోంజో బాల్, తర్వాత ఆంథనీ డేవిస్‌ని తేవడానికి పనికొచ్చారు. 2020లో కప్పు వచ్చింది. అందుకే వారియర్స్ విషయంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కటే. 2027 తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్‌లని ఇప్పుడు ఎవరి కోసమూ ఇవ్వకూడదు. జట్టు చెడిపోయే ఏళ్ల పిక్‌లే అన్నిటికంటే విలువైనవి. చెడ్డ సీజన్ భరించి, దాని ఫలం వేరేవాడి చేతిలో పెట్టడం కంటే ఘోరం ఉండదు. వరసగా రెండేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఇచ్చేయకూడదనే నియమం ఎన్‌బీఏలో ఉంది. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ పిక్‌లన్నీ ఊడ్చి ఇచ్చేస్తుంటే తెచ్చిన నియమం, ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. కానీ ఏడాది విడిచి ఏడాది ఇచ్చి నష్టపోయే దారి ఇంకా తెరిచే ఉంది.

పిక్‌లు ఉన్నంత మాత్రాన అదృష్టం వస్తుందని కాదు. డ్రాఫ్ట్‌లో ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చడానికి 2019లో మార్చిన లాటరీ పద్ధతిలో అట్టడుగు మూడు జట్లకీ మొదటి పిక్ అవకాశం తలా 14 శాతమే. 2025లో 1.8 శాతం అవకాశంతో డాలస్‌కి వచ్చింది.

డాలస్ అంటే డిర్క్ నోవిట్జ్‌కీ గుర్తొస్తాడు. కర్రీ విషయంలో నేను కోరుకునేది ఆ దారే. 2011 కప్పు గెలిచిన వెంటనే డాలస్ డిఫెన్స్‌కి మూలస్తంభమైన టైసన్ చాండ్లర్‌ని, 29 ఏళ్ల వాడిని, వదిలేసుకుంది. నడిమి తరాన్ని వదులుకోవడమే అది కూడా. ఆ తర్వాత డిర్క్ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ గెలవలేదు. అయినా అతన్ని అమ్మలేదు. అతనే 2014లో జీతం బాగా తగ్గించుకుని సంతకం చేశాడు. 2017-18లో 24 గేములే గెలిచారు, ఆ ఓటముల పిక్‌తోనే లుకా డాంచిచ్ వచ్చాడు. డిర్క్ 21వ, చివరి సీజన్ ఆ కుర్రాడి పక్కన ఆడాడు. కర్రీ కాంట్రాక్ట్ అయిపోయాక తక్కువ జీతానికి ఇంకో రెండేళ్లు ఉంటే, కొత్తగా వచ్చేవాడికి బంతి అప్పగించి తను స్క్రీన్ల చుట్టూ పరిగెడితే, ఆ ఓటముల సీజన్ కూడా చూడదగ్గదే అవుతుంది.

నువ్వు 2015 నుంచి చూస్తున్నావు కాబట్టి ఒకటి చెప్పాలి. అంతకు ముందు ఈ జట్టు కప్పు గెలిచింది 1975లో. 1995 నుంచి 2012 దాకా పద్దెనిమిది సీజన్లలో ప్లేఆఫ్స్‌కి వెళ్లింది ఒక్కసారే. ఆ ఒక్కసారి, 2007లో, 67 గేములు గెలిచిన డాలస్‌ని మొదటి రౌండ్‌లోనే పంపించారు. ఓక్లాండ్‌లో ఆ హాలంతా పసుపు చొక్కాలతో ఊగిపోయింది. కప్పు ఆశ లేని ఏళ్లలో కూడా వచ్చిన జనం వాళ్లు.

ఇకనుంచి మ్యాచ్ ఇలా చూడు. చలికాలంలో వాళ్ల సొంత ఊరి గేములు మనకి ఉదయం ఎనిమిదిన్నరకి మొదలవుతాయి, నాలుగో క్వార్టర్ వచ్చేసరికి నువ్వు క్లాసులో ఉంటావు. సాయంత్రం చివరి అయిదు నిమిషాలు మాత్రం మళ్లీ పెట్టుకో. స్కోరు వదిలేసి, 25 ఏళ్ల లోపువాళ్లు ఎంతమంది కోర్టులో ఉన్నారో, వాళ్లలో ఎవరైనా బంతి పట్టుకుని నిర్ణయం తీసుకుంటున్నారో లేదో రాసి పెట్టుకో. ఇరవై గేములు రాశాక ఆ కాగితం తీసుకుని నెల్లూరులో మా కోర్టు దగ్గరికి రా. అయిదున్నర నుంచి ఏడు దాకా అక్కడే ఉంటాను. మా జట్టులో ఇప్పుడు బంతి తీసుకెళ్లేది ఒక పద్నాలుగేళ్ల పిల్లాడు. దగ్గరి మ్యాచ్‌లు మూడు ఓడిపోయాం, వాడిని మార్చలేదు. నువ్వు కాలేజీ జట్టుకి ఆడతానన్నావు, ఏ పొజిషనో రాయలేదు. షూస్ తెచ్చుకో.